ఎడమవైపు వరసలు

గుణదల,
8 జనవరి 1973.

అమలమ్మకు,

నీ ఉత్తరం నిన్న అందింది. ఈ ఉద్యమంలో రైళ్లు లేని రోజుల్లో ఏ స్టేషనులో పడి ఉందో, కవరు ఒక మూల తడిసి చిరిగింది. లోపలిది చదవగలిగాను.

నువ్వు అడిగినదానికి జవాబు డిసెంబరులోనే రాశాను. మళ్ళీ రాస్తున్నాను. మీ అక్క పోయిన రోజు ఊళ్ళో బందు. తంతి ఆఫీసు దాకా వెళ్ళే దారి లేదు. మర్నాడు ఇచ్చాను. నీ పేర ఇవ్వలేదు, ఏసుపాదం పేర ఇచ్చాను. నువ్వున్న స్థితిలో నీకు ఎప్పుడు, ఎలా చెప్పాలో నీ భర్తే చూసుకోవాలని. భూస్థాపన ఆపమని ఫాదరుగారిని అడిగాను. ఒక పూట ఆపారు.

ఇప్పుడు రాయడానికి కారణం వేరే. నీకు పుట్టబోయే బిడ్డకని మీ అక్క బొంత మొదలుపెట్టింది. మీ అమ్మగారి మంగళగిరి చీరలు మూడు, పొరలు పొరలుగా పరిచి. పసిబిడ్డ కింద కొత్తబట్ట వెయ్యకూడదని, అమ్మమ్మ కట్టి కట్టి మెత్తబడిన చీరే వెయ్యాలని మీ ఇంటి పట్టింపు కదా. సగానికి పైగా అయింది. కొంత మిగిలింది. బిడ్డ పుట్టేలోగా అది నీకు చేరాలని మీ అక్క అడిగింది. నన్ను అడిగిన చివరి పని అదే. మా కాలవల ఆఫీసు సమ్మెలో ఉంది. పగళ్ళు ఖాళీ. నేనే పూర్తి చేస్తాను.

కుట్టుమిషనుతో ఇబ్బంది ఒకటి ఉంది. పైన కుట్టు చక్కగా కనబడుతుంది. తిరగేస్తే అడుగున దారం ఉచ్చులు ఉచ్చులుగా వేలాడుతుంది. ఒక కొస పట్టి లాగితే వరసంతా ఊడి చేతికి వస్తుంది. ఇదంతా పాత దుప్పటి ముక్క మీద వేసి చూసిన సంగతి. బొంత ఇంకా ముట్టుకోలేదు.

ఈ మిషను సంగతి నీకు తెలిసినట్టు ఇక్కడ ఎవరికీ తెలియదు. ఏం చెయ్యాలో రాయి.

శౌరయ్య


పురిటిగడ్డ,
17 జనవరి.

బావగారికి,

యేసునాథుని దయవల్ల నేనూ, కడుపులో బిడ్డా ఇప్పటిదాకా క్షేమం. మీరు అడగలేదు, అయినా చెప్తున్నాను. అడిగే అలవాటు అక్కది.

మీ ఉత్తరం చూసి ఈయన ఏమన్నారో తెలుసా? "మీ బావ లాకుల దగ్గర నీళ్ళెంత వదిలారో రాసినట్టు రాశాడేవిటే" అన్నారు. నేను నవ్వలేదులెండి. తంతి మాత్రం ఈయన నాలుగు రోజులు జేబులో పెట్టుకు తిరిగారు. అన్నం వడ్డిస్తుంటే నా మొహం చూడలేక గోడవంక చూస్తూ తినేవారు. మగవాళ్ళిద్దరూ కలిసి నాకు మంచే చేశారు. మా అక్క మట్టిలోకి వెళ్ళిపోయాక నేను ఇక్కడ చింతకాయ పచ్చడి నూరించుకుని తింటున్నాను.

ఒక పూట ఆపారట. రాయడానికి మీకు చెయ్యి ఎలా వచ్చిందండీ?

అది సరే. జబ్బని ఒక్క ముక్క ఎందుకు రాయలేదు? అక్టోబరులో అక్క వేసిన కార్డు నా దగ్గరే ఉంది. ఒళ్ళు బాగుంది, దొడ్లో దోసపాదు పెట్టాను, నువ్వు మంచం దిగకు, అని ఉంది. అలా రాసిన మనిషి డిసెంబరులో పోవడమేమిటి? అక్కకి తెలియకపోయినా పక్కనున్న మీకు తెలియదా?

బొంత ఎలా ఉన్నది అలా మడిచి పంపించండి. బొంత కుట్టే మగాణ్ణి నేను ఎక్కడా చూడలేదు. మిషను కూడా పంపండి. అది మా అమ్మ కొన్నది. అక్కకి వాడుకోమని ఇచ్చింది. డాక్టరమ్మ ఇప్పుడు నన్ను తొక్కొద్దంది. రెండు పోయాక ఇది మూడోది కాబట్టి నేనూ వింటున్నాను. పురుడయ్యాక నేనే కుట్టుకుంటాను.

అడిగారు కాబట్టి చెప్తున్నాను. సూది మార్చండి. బొంతకి లావు సూది కావాలి, జాకెట్లు కుట్టేది పనికిరాదు. పైదారం ఏ నంబరో బాబిన్‌లోనూ అదే నంబరు చుట్టండి. కుట్టు పొడుగు పెంచండి. పైన దారం బిగించే మర ఉంటుంది చూడండి, దాన్ని కొంచెం కొంచెం బిగిస్తూ చూడండి. బాబిన్ కేసుకి ఉన్న చిన్న స్క్రూ జోలికి మాత్రం పోకండి. పోయారంటే నాకు ఉత్తరాలు రాయడం తప్ప మీకు వేరే పని ఉండదు.

ఇట్లు,
తెరేసమ్మ చెల్లెలు
అమలమ్మ


గుణదల,
26 జనవరి.

అమలా,

ముట్టుకోవద్దన్న స్క్రూ నీ ఉత్తరం రాకముందే తిప్పాను. అడుగున తప్పు కనబడుతుంటే అడుగుదారమే వదులనుకున్నాను. బిగించాను. ఉచ్చులు ఇంకా పెరిగాయి. వెనక్కి తిప్పాను. ఎక్కడ మొదలుపెట్టానో గుర్తులేదు.

సూది మార్చాను. దారాలు ఒకే నంబరువి తెచ్చాను. పై మర ఆఖరుదాకా బిగించాను. ఉచ్చులు తగ్గలేదు.

పటమటలో మార్కండేయులు అనే టైలరు ఉన్నాడు. మా ఆఫీసువాళ్ళందరికీ చొక్కాలు అతనే కుడతాడు. దుప్పటి ముక్క తీసుకెళ్ళి చూపించాను. తిరగేసి చూసి, "ఎవరండీ ఈ వల అల్లింది? చేపలకేనా?" అన్నాడు. నేనే అన్నాను. లేచి నిలబడి స్టూలు వేశాడు. బొంత కుట్టి పెడతావా అంటే, "అంత మందం నా మిషను మీద పెట్టనండీ. ఇంటికొచ్చి మీ మిషను చూద్దామంటే పెళ్ళిళ్ళ పని మెడమీద ఉంది. అయినా తమరికెందుకు సార్ ఈ అవస్థ, ఆడవాళ్ళెవరూ లేరా ఇంట్లో?" అన్నాడు. లేరన్నాను.

బొంత సగంలో పంపను. మిషను ఇస్తాను. అది మీ అమ్మగారిదేనని నాకు తెలుసు. బొంత అయిన రోజున ఏసుపాదాన్ని పంపు.

జబ్బు సంగతి ఎందుకు రాయలేదని మళ్ళీ అడగకు.

నువ్వు మంచం దిగకు. ఇది నేను అడుగుతున్నాను.

శౌరయ్య


పురిటిగడ్డ,
3 ఫిబ్రవరి.

బావగారికి,

అడగకు అంటే మానేసే అమలమ్మని మీరు ఎప్పుడు చూశారు? పెళ్ళికి ముందు మీరు అక్కని చూడ్డానికొచ్చినప్పుడు కూడా నేనే అడిగాను, "బీయే చదివి మా అక్కనెందుకు చేసుకుంటున్నారు?" అని. అప్పుడు మీరు కాఫీ తాగారు.

సరే. మిషను ఇస్తానన్నారు. ఆ మాటకి సంతోషం.

బాబిన్ కేసు సంగతి ముందు చూడండి. బాబిన్ అందులో పెట్టి, దారం కొస పట్టుకుని కేసుని గాల్లో వేలాడదీయండి. దానంతట అది సర్రున జారితే వదులు. చెయ్యి చిన్నగా కుదిపినా కదలకపోతే బిగువు. కుదిపినప్పుడు కాస్త దిగి ఆగితే సరిగ్గా ఉన్నట్టు. అలా వచ్చేదాకా స్క్రూని గోరంత గోరంత తిప్పండి. వచ్చాక ఇంక దాని మొహం చూడొద్దు.

తరవాత పైన ఎర్రదారం పెట్టండి, బాబిన్‌లో తెల్లదారం. దుప్పటి ఒక పొర మీద కాదు, బొంత ఎంత మందమో అంత మందం మడత మీద వేసి చూడండి. పల్చటి బట్ట మీద బాగా వచ్చిన కుట్టు బొంత మీద రాదు. అడుగున ఎర్రదారం ఉచ్చులుగా కనబడిందా, తప్పు పైదారానిది. కింద వేలాడేది పైదారమే. కిందనున్నది లాగుతున్నా పైది పట్టు లేక జారిపోతుందన్నమాట. పైన తెల్లచుక్కలు లేచాయా, అప్పుడు పైది మరీ బిగువు. రెండూ బట్ట మధ్యలో ముడిపడాలి. ఇది కాన్వెంటులో సిస్టరుగారు చెప్పిన ముక్క. అక్క చెప్పిన ముక్క ఇంకోటి ఉంది: "కుట్టు మంచిదో కాదో అడుగున చూడవే, పైన అందరూ చూస్తారు."

ఒకటి మాత్రం ఖాయంగా చెప్తున్నాను. ఉచ్చుల కుట్టు నా బిడ్డ కింద వెయ్యను. నిరుడు మా వీధిలో ఒకావిడ పసిపిల్లకి కాలివేలికి బొంత దారం చుట్టుకుపోయి వేలు నల్లబడింది. రాత్రంతా ఏడుస్తుంటే కడుపునొప్పి అనుకుని వాము నీళ్ళు పట్టారు. రెండు పోగొట్టుకున్న దాన్ని. మూడోదాన్ని మీ చేతికుట్టు మీద పెట్టి చూడలేను. సరిగ్గా వస్తే పంపండి, రాకపోతే అక్క కుట్టినంతవరకే పంపండి.

అమలమ్మ


గుణదల,
9 ఫిబ్రవరి.

అమలా,

తిరనాళ్ళ మొదలైంది. మన అరుగు మీద, మెట్ల మీద, దొడ్లో దోసపాదు పక్కన కూడా జనం పడుకున్నారు. మీ అక్క ఉంటే గంజి కాచి పోసేది. నేను తలుపు తీసి పెట్టాను. నీళ్ళ బిందె బయట పెట్టాను. అంతే చేతనయింది.

మీ ఊరి సంపూర్ణమ్మగారు వచ్చారు. లోపలికొచ్చి మిషను దగ్గర నన్ను చూసి, "ఇదేం ఖర్మయ్యా శౌరయ్యా" అని కూర్చుని ఏడ్చారు. తరవాత నా కాళ్ళ వంక చూసి, "పెడలు మీద రెండు కాళ్ళూ వెయ్యాలయ్యా, సైకిలనుకున్నావా" అన్నారు. ఆ మాట ఉపయోగపడింది.

బాబిన్ కేసు నువ్వు చెప్పినట్టు వేలాడదీశాను. కుదిపితే కాస్త దిగి ఆగుతోంది. ఎరుపూ తెలుపూ పెట్టి మందం మడత మీద వేశాను. అడుగున ఎరుపే వేలాడుతోంది. కాబట్టి తప్పు పైదారానిది. కాని పై మర ఇక తిరగదు. అంత బిగించినా దారం బిగియడం లేదు.

దారం ఎక్కించే పద్ధతి రాస్తున్నాను. తప్పుంటే చెప్పు. ముందు బట్ట సర్ది, దాన్ని అదిమిపెట్టే మిషను పాదం దాని మీదికి దించుతాను. ఉండ నుంచి దారం తెచ్చి, మర వెనక ఉన్న రెండు బిళ్ళల మధ్య వేస్తాను. అక్కణ్ణించి స్ప్రింగుకి తగిలించి, పైకీ కిందికీ ఆడే కొక్కెంలో దూర్చి, సూదిలోకి తెస్తాను. ఇది నాకు ఎవరూ నేర్పలేదు. మీ అక్క చేస్తుంటే చూసి నేర్చుకున్నాను. ఆమె ఎలా చేసేదో అలాగే, అదే వరసలో చేస్తున్నాను.

శౌరయ్య


పురిటిగడ్డ,
17 ఫిబ్రవరి.

బావగారికి,

సంపూర్ణమ్మత్త తిరనాళ్ళ నుంచి తిరిగొచ్చింది. వచ్చి నా మంచం పక్కన కూర్చుని చెప్పింది. మీ పక్కింటివాళ్ళు ఆవిడతో అన్నారట, పోయే వారం ముందుదాకా అక్క మిషను చప్పుడు వినబడుతూనే ఉండేదని. పొద్దున మీరు ఆఫీసుకి వెళ్ళగానే మొదలయ్యేదట. ఆగి ఆగి, ఆగి ఆగి.

ఎవరి బట్టలు కుట్టించారండీ అంతలా? గవర్నమెంటు జీతం, ఇద్దరే మనుషులు. చచ్చిపోబోయే మనిషిని కూర్చోబెట్టి ఎవరి జాకెట్లకి కాజాలు వేయించారు? ఈయన "ఊరుకోవే" అంటున్నారు. ఊరుకోను. జబ్బు సంగతి ఎందుకు రాయలేదో ఇప్పుడు తెలిసింది. రాస్తే నేను వచ్చి మిషను ముందు నుంచి లేపేదాన్ని కదా.

దారం సంగతి. నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. పాదం దించాక దారం ఎక్కిస్తారా ఎవరైనా? పాదం ఎత్తితేనే ఆ రెండు బిళ్ళలూ విచ్చుకుంటాయి. అప్పుడు దారం వాటి మధ్య లోపలికంటా కూర్చుంటుంది. పాదం దించితే బిళ్ళలు మూసుకుని దారాన్ని పట్టుకుంటాయి. మీరు మూసిన తలుపు మీద నుంచి దారం లాగుతున్నారు. ఇక మరని ఎంత తిప్పితే ఏం లాభం? పాదం ఎత్తి ఎక్కించండి, తరవాత దించండి. అంతే. మీ నెల రోజుల రోగానికి ఇదే మందు.

అక్కని చూసి నేర్చుకున్నానని రాశారు. ఆ మాట మాత్రం నేను ఒప్పుకోను. నా పన్నెండో ఏట ఒకసారి పాదం ఎత్తకుండా దారం ఎక్కిస్తే అక్క స్కేలుతో వేళ్ళ మీద కొట్టింది. నిద్రలో లేపి చెయ్యమన్నా పాదం ఎత్తే చేస్తుంది. పధ్నాలుగేళ్ళు కాపురం చేసి మీరు ఆవిణ్ణి సరిగ్గా చూడనేలేదన్నమాట.

అమలమ్మ


(ఈ ఉత్తరం పోస్టు చెయ్యలేదు.)

గుణదల,
21 ఫిబ్రవరి.

అమలా,

చూశాను. నువ్వు చూడని రోజులు చూశాను.

జూన్‌లో ఎడమ రొమ్ములో గడ్డ బయటపడింది. ఆపరేషను చేసినా లాభం లేదన్నారు. అక్టోబరుకి ఎడమచెయ్యి వాచింది, భుజం నుంచి వేళ్ళదాకా. గాజులు కోయించాను. చెయ్యి భుజం ఎత్తుకి లేచేది కాదు.

నీకు రాస్తానన్నాను. వద్దంది. మీ అమ్మ పోయిందని తంతి వచ్చిన రోజే నీకు రెండోది పోయింది కదా. "ఇది నిలబడాలండీ. అమలకి చెప్పొద్దు" అంది. తరవాత బొంత మొదలుపెట్టింది. నేను వద్దన్నాను. వినలేదు. అక్టోబరులో ఒకరోజు నా చెయ్యి పట్టుకుని, "పురుడయ్యాక కూడా చెప్పొద్దు. ఎప్పటికీ వద్దు. నాకోసం కుట్టి చచ్చింది అక్క అని అది బతికినన్నాళ్ళూ ఏడుస్తుంది. దాని బుద్ధి నాకు తెలుసు" అంది. మాటిచ్చాను.

ఎవరి బట్టలని అడిగావు. నీ బిడ్డ బొంత తప్ప ఇంకేదీ కుట్టలేదు.

బొంత మధ్యలో మొదలుపెట్టి అంచుకి పోవడం ఆమె పద్ధతి. మధ్య వరసలు సెప్టెంబరులో, ఒళ్ళు కాస్త బాగున్నప్పుడు వేసింది. తరవాత ఎడమవైపుకి పోయింది. అప్పటికి చెయ్యి పడిపోయింది. పాదం ఎత్తే మీట వెనకవైపు ఉంటుంది. కుడిచెయ్యి పెట్టి ఎత్తుదామంటే మిషను మెడ కింద బొంత చుట్ట అడ్డం. ఎడమచెయ్యి వెనక్కి పోదు. అందుకని పొద్దున నేను ఆఫీసుకి వెళ్ళేముందు పిలిచేది. "ఏవండీ, పాదం ఎత్తి బొంత సర్ది వెళ్ళండి." నేను సర్ది, పాదం దించి వెళ్ళేవాణ్ణి. రోజంతా ఆ ఒక్క వరస. మధ్యలో దారం తెగితే, దించిన పాదం దించినట్టే ఉంచి ఎక్కించుకునేది. ఆదివారాలు నేను పక్కన కూర్చుని చూసేవాణ్ణి. నేను నేర్చుకున్నది ఆ ఎక్కించడమే.

నీ ఉత్తరం చదివి ఈ రోజు మొదటిసారి బొంత పూర్తిగా విప్పి తిరగేశాను. సాయంత్రం నేను వచ్చేసరికి ఎప్పుడూ చుట్టేసి ఉండేది, అడుగువైపు లోపలికి పెట్టి. మధ్య వరసలు గీత గీసినట్టున్నాయి. ఎడమవైపువి నా దుప్పటి ముక్కలాగే ఉన్నాయి. ఉచ్చులు. ఒక్కో వరసా ఇంకాస్త ఎక్కువ.

అడుగున చూడమని నీకు చెప్పిన మనిషికి అది తెలియకుండా ఉండదు. వేలితో తడిమితే తెలిసేదే. పాదం ఎత్తమని నన్ను ఇంకోసారి అడిగితే చాలు. ఆదివారాలు పక్కనే ఉన్నా అడగలేదు. మిగతా రోజుల్లో దారం తెగినప్పుడు నేను ఇంట్లో లేను.

కుడివైపు ఖాళీగా ఉంది. అది నేను కుట్టాలి. ఎడమవైపువి విప్పాలని నువ్వంటావు. విప్పలేను.

ఇది నీకు పంపితే నీ దగ్గర నా పరువు నిలబడుతుంది. ఆమెకిచ్చిన మాట నిలబడదు.


గుణదల,
22 ఫిబ్రవరి.

అమలా,

పాదం ఎత్తి దారం ఎక్కించాను. కుట్టు కుదిరింది. అడుగున ఎరుపు లేదు, పైన తెలుపు లేదు. నువ్వు చెప్పకపోతే వచ్చేది కాదు.

రేపు బొంత మీద మొదలుపెడతాను.

శౌరయ్య


గుణదల,
11 మార్చి.

అమలా,

ఏసుపాదం వెంట బొంత, మిషను పంపుతున్నాను. మిషను తల విప్పి గోనెసంచిలో కట్టాను. కాళ్ళు విడిగా ఉన్నాయి. బెల్టు సాగింది, కొత్తది వేయించు. నూనె సీసా సొరుగులో ఉంది.

చివరి అంచు జానెడు వదిలేశాను. అది బిడ్డ తల్లే చేతిసూదితో మూసుకోవాలని మీ అమ్మగారి పద్ధతి అని మీ అక్క చెప్పింది.

బొంత అడుగున ఎడమవైపు నా పాత పంచె గుడ్డ వేసి చేత్తో కుట్టాను. గుడ్డ మెత్తగానే ఉంది, బిడ్డకి ఏమీ తగలదు. దాన్ని తియ్యకు.

ఏసుపాదం రాత్రి ఇక్కడే భోంచేశాడు. నేను వండిన పప్పు తిని, "బాగుంది బావగారూ" అన్నాడు. బాగాలేదు. నాకు తెలుసు. మంచివాడు.

శౌరయ్య


పురిటిగడ్డ,
4 ఏప్రిల్.

బావగారికి,

పాప పుట్టింది. పోయిన బుధవారం. నేనూ పాపా క్షేమం. నల్లగా, గట్టిగా ఉంది. ఏడుపు కాలవ అవతలకి వినబడుతుంది. అక్క పేరు పెట్టమని అందరూ అన్నారు. పెట్టలేదు. ఆ పేరు రోజూ పిలిచి పాలివ్వడం నా వల్ల కాదు. అమ్మ పేరు పెట్టాం, ఆదెమ్మ అని.

బొంత నొప్పులు రాకముందే అందింది. మాట నిలబెట్టుకున్నారు, కాదనను. జానెడు అంచు మూద్దామని ఒళ్ళో వేసుకున్నాను. తియ్యకు అని రాశారు కదా, అందుకే ముందు ఆ పంచె గుడ్డే తీశాను. కోపం తెచ్చుకోకండి, తీసి మంచిపని చేశాను. దాని కింద ఎన్ని ఉచ్చులండీ! వాటిని గుడ్డేసి కప్పి పంపారు. కుట్టు కుదిరిందని రాసిన చేత్తోనే. కుదరకముందు వేసిన వరసలైతే ఆ సంగతే రాయొచ్చుగా? విప్పడానికి బద్ధకమైతే ఇక్కడ నేను లేనా? ఈ దాచే గుణమే నాకు పడనిది. జబ్బు దాచారు, కుట్టూ దాచారు.

మొత్తం కూర్చుని విప్పాను. విప్పుతుంటే నాకే ఆశ్చర్యమేసింది. ఒక్కో వరస చివర దారం ఎన్నిసార్లు తెగిందో, ఎన్నిసార్లు మళ్ళీ మొదలుపెట్టారో. ఓపిక మాత్రం ఉంది మీకు. ఆ ఒక్కటీ మెచ్చుకుంటున్నాను. విప్పిన దారం పొయ్యిలో పారేశాను. పసిపిల్ల ఉన్న ఇంట్లో దారం ముక్కలు ఉండకూడదు. సంపూర్ణమ్మత్త కోడల్ని కూర్చోబెట్టి, నేను పక్కనుండి చెప్పి, ఎడమవైపు మళ్ళీ వేయించాను.

మధ్యదీ కుడివైపుదీ మాత్రం ముట్టుకోలేదు. అవి చూడగానే అక్క చెయ్యి తెలిసిపోయింది. మధ్యలో మొదలుపెట్టి ఒకవైపు ముగించి రెండోవైపుకి రాబోయి పోయింది పాపం. ముఖ్యంగా ఆ కుడివైపు వరసలు, అడుగున ఎంత సాపుగా ఉన్నాయో. వాటి మీద చెయ్యి వేసుకుని చాలాసేపు ఏడ్చాను. అంత ఒంట్లో బాగాలేని మనిషి కుట్టినట్టే లేదు. ఆఖరికి కూడా చెయ్యి వణకలేదు మా అక్కకి. నేననుకున్నంత బాధ పడలేదేమో అనిపించి మనసు కాస్త కుదుటపడింది. పాపని రోజూ ఆ కుడివైపే పడుకోబెడుతున్నాను. పెద్దమ్మ చేతి మీద పడుకున్నట్టు.

మీ మీద కోపం పోలేదు. అబద్ధం రాయను. పాపని చూడాలనుంటే రండి. ఈయన రమ్మంటున్నారు. నేను వద్దనను.

అమలమ్మ


గుణదల,
10 ఏప్రిల్.

అమలా,

పాప పుట్టినందుకు సంతోషం. ఆదెమ్మ పేరు మంచిది.

ఎడమవైపు వరసలు నావే. పాదం ఎత్తకుండా వేసినవి. విప్పాల్సింది, బద్ధకించాను. గుడ్డ దాచడానికే వేశాను. నువ్వు తీసి మంచిపని చేశావు. దారం కాల్చడమూ మంచిదే.

ఆఫీసు తెరిచారు. నిలిచిపోయిన కాగితాలు గుట్టలుగా ఉన్నాయి. ఇప్పట్లో సెలవు దొరకదు.

మిషను ఉన్నచోట గచ్చు మీద నూనె మరక ఉంది. తిరనాళ్ళకి వచ్చినప్పుడు సంపూర్ణమ్మగారు ముగ్గుపిండి చల్లి తుడవమన్నారని పిండి తెచ్చాను. మరక అలాగే ఉంచాను.

ఒక్క మాట. పాపని కుడివైపు పడుకోబెట్టకు. అంచుకి దగ్గర, దొర్లితే కింద పడుతుంది. మధ్యలో పడుకోబెట్టు.

శౌరయ్య